అఖ్తియార్ సర్కారుది, మరి ఫర్జ్ ఎవరిది?

2020 ఏప్రిల్ నెల. కర్నూలు పాతబస్తీలో మా గల్లీ మొదట్లో వెదురుబొంగులు అడ్డం కట్టి ఎర్రగుడ్డ వేలాడదీసినారు. రంజాన్ చాంద్‌కి ఇంకా పది రోజులుంది. అజాన్ అయిపోగానే ఇమామ్ సాబ్ గొంతు మైకులో వినపడేది: నమాజ్ ఇండ్లల్లోనే చదువుకోండి, మస్జిద్‌కి రావద్దండి. ఆ మాట సద్దుమణగక ముందే పోలీసు జీపు మైకు మొదలయ్యేది: బయట తిరిగినోళ్ళ మీద ఎపిడెమిక్ డిసీజెస్ యాక్ట్ కింద కేసు పెడతాం. రెండు ఎలాన్‌లూ చెప్పేది ఒకటే, ఇంట్లో ఉండమని. మొదటిది వింటే దిల్‌కి నెమ్మదిగా ఉండేది, రెండోది వింటే గుండె దడదడలాడేది.

ఏందీ యాక్ట్ అని ఒక వకీల్ దోస్తును అడిగినా. ఫోన్లో పంపించినాడు. దేశాన్నంతా ఇంట్లో కూర్చోబెట్టిన కానూన్ కదా, లావుపాటి కితాబ్ ఉంటుందనుకున్నా. తెరిచి చూస్తే రెండు పేజీలు కూడా లేదు. అప్పటికి దాంట్లో ఉన్నది నాలుగైదు సెక్షన్లే. పైన తారీఖ్ చూసినా: 1897 ఫిబ్రవరి 4. మా దాదీ పుట్టకముందు కాగితం. మా దాదీ చిన్నప్పుడు చూసిన వబాకు కూడా ఇదే కానూన్.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర కూడా. ఈ కాగితం తేదీ చూసినాక దాని చరిత్ర వెతుక్కుంటా పోయినా. ఆ వెతుకులాటే ఈ వ్యాసం. సర్కార్ జనం మీద ఏమేం చేయవచ్చో రాసుకున్న కానూన్ ఒకటి, జనానికి సర్కార్ ఏమేం చేయాలో రాసిన కాగితం ఇంకొకటి. ఈ రెండింటికీ మధ్య మా సీమ ఎట్లా నలిగిందో చెప్పాలనుంది.

కరువు కాగితం

వబా గురించి చెప్పాలంటే ముందు కరువు గురించి చెప్పాలి. మా తట్టు సర్కార్ మొదట నేర్చుకున్న పాఠం కరువుదే.

1800లో నిజాం ఈ ఇలాకాను కంపెనీకి ఇచ్చేసినాడు. అందుకే చాన్నాళ్ళు మమ్మల్ని దత్తమండలాలు అన్నారు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో దింపేసి కర్నూలును కూడా కంపెనీ కలిపేసుకుంది. ఆ తర్వాత నలభై ఏండ్లు తిరగకముందే 1876లో ధాత కరువు వచ్చింది. రెండేండ్ల పాటు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఎండిపోయినాయి. మద్రాసు ఇలాకా మొత్తంలో కర్నూలుకు తగిలినంత దెబ్బ ఇంకే జిల్లాకూ తగల్లేదంటారు. 1871 జనాభా లెక్కను 1881 లెక్కతో పోల్చి చూస్తే దాదాపు నాలుగో వంతు మంది లేరు. చచ్చినోళ్ళు, వలసపోయినోళ్ళు కలిపి. ఆకలితో పాటు కలరా, జ్వరాలు వచ్చి ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసినాయి.

ఆ కరువులోనే రిచర్డ్ టెంపుల్ అనే దొర కలకత్తా నుంచి వచ్చి, రాళ్ళు కొట్టే కూలోనికి రోజుకు ఒక పౌను ధాన్యం, చేతికి కాస్త చిల్లర చాలని తేల్చినాడు. అది చాలక జనం రాళ్ళ కుప్పల పక్కనే కూలిపోయినారు. చివరికి సర్కారుకే సిగ్గేసిందో, భయమేసిందో, 1880లో ఫామిన్ కమిషన్ రిపోర్టు వచ్చింది. ఆ తర్వాత ఇలాకాకొక ఫామిన్ కోడ్ రాసినారు.

ఆ కోడ్‌లో జాలి, దయ అని ఏం కనిపించవు. అంతా లెక్కలే. వానలు పోయినాయని ఎవరు ఎవరికి రాయాలి, ఎప్పుడు పనులు తెరవాలి, ధాన్యం ధర పెరిగితే కూలి ఎంత పెంచాలి, పని చేయలేని ముసలోళ్ళకు, పిల్లలకు గంజి ఎవరు పోయాలి, కలెక్టర్ ఏం చేయాలి, తాసిల్దార్ ఏం చేయాలి. అది చట్టం కూడా కాదు, సర్కార్ తన నౌకర్లకు ఇచ్చుకున్న హుకుంనామా. పేదోడు దాన్ని పట్టుకుని కచేరీకి పోయి దావా వేయలేడు. అయినా ఒక మాట మాత్రం అందులో ఖాయమైంది: కరువు వస్తే ఫలానా పని చేయడం సర్కార్ ఫర్జ్. ఇట్లా ఒక్కో పనికీ ఒక్కో జిమ్మేదార్‌ను రాసి పెట్టడమే ముందస్తు తయారీ అంటే. అది కూడా వాన పోకముందే రాసి పెట్టాలి.

వారం రోజుల్లో పుట్టిన కానూన్

1896లో బొంబాయికి తాఊన్ వచ్చింది, అదే ప్లేగు. ఓడరేవు గల్లీల్లో ఎలకలు రాలిపోయినాయి, తర్వాత మనుషులు. యూరప్ రాజ్యాలు బెదిరిపోయినాయి. హిందుస్తాన్ సరుకు, హిందుస్తాన్ హాజీలు తమ రేవులకు బీమారీ మోసుకొస్తారని వాళ్ళ ఖౌఫ్. 1897లో వెనిస్ నగరంలో సమావేశం పెట్టుకుని దీని మీదే మాట్లాడినారు.

కలకత్తా కౌన్సిల్లో జనవరి 28న జాన్ వుడ్‌బర్న్ బిల్లు పెట్టినాడు. ఫిబ్రవరి 4కల్లా అది కానూన్ అయిపోయింది. వారం రోజులు. ఫామిన్ కోడ్ రాయడానికి కమిషన్లు తిరిగి ఏండ్లు పట్టింది, దీనికి వారం చాలింది.

దాంట్లో ఏముంది? ప్రమాదకరమైన వబా వచ్చిందని, మామూలు కానూన్లు చాలవని సర్కారుకు అనిపిస్తే ఏ హుకుమైనా ఇవ్వవచ్చు. రైలు దిగినోళ్ళను తనిఖీ చేయవచ్చు. బీమారీ ఉందని అనుమానం ఉన్నోళ్ళను విడదీసి ఆస్పత్రిలోనో, ఇంకోచోటో పెట్టవచ్చు. ఓడలను ఆపవచ్చు. హుకుం మీరినోళ్ళకు శిక్ష వేయవచ్చు. చివరి సెక్షన్ ఏమంటుందంటే, ఈ కానూన్ కింద మంచి నీయత్‌తో ఏం చేసినా ఎవరి మీదా దావా నడవదు.

అన్నీ "వచ్చు"లే. ఒక్క "చేయాలి" సర్కారుకు లేదు. విడదీసి పెట్టినోనికి తిండి ఎవరు పెట్టాలి? వాడి పెండ్లాంబిడ్డలను ఎవరు చూడాలి? ఇల్లు తగలబెడితే ఇంకో ఇల్లు ఎవరిస్తారు? మందులు ఎక్కడ నిలవ పెట్టాలి? వబా అంటే ఏందో కూడా అందులో రాయలేదు. ధ్వంసం చేసినదానికి పరిహారం గురించి ఒక ముక్క ఉంది, అది కూడా సర్కార్ ఇష్టానికే వదిలేసినారు.

ఆ ఏడు ఫిబ్రవరిలోనే బొంబాయి నుంచి హజ్ ఓడలు ఆపేసినారు. మద్రాసు, బొంబాయిల మధ్య రైలుమార్గం కడప మీదుగా, గుంతకల్లు మీదుగా పోతుంది. మా తట్టు హాజీలకు బొంబాయే హజ్ దర్వాజా. జిందగీ అంతా పైసా పైసా కూడబెట్టి, అప్పులు తీర్చి, అందరి దగ్గరా మాఫీ అడిగి బయల్దేరడానికి సిద్ధమైన ముసలోళ్ళకు ఆ దర్వాజా మూసుకుంది. బీమారీ పాకకుండా ఆపడం తప్పని నేననను. తాఊన్ ఉన్న ఊరికి పోవద్దు, మీరున్న ఊరికి తాఊన్ వస్తే పారిపోవద్దు అనే తాలీమ్ మా దీన్‌లో 1400 ఏండ్లుగా ఉంది. హజ్ ఆపడానికి మనసు ఒప్పుకునే ముసల్మానే ఎక్కువ. కానీ ఆపేటప్పుడు ఆ మనిషితో మాట్లాడే తీరు ఒకటుంటుంది.

పుణేలో ఆ తీరే లేదు. సోల్జర్లు ఇండ్లల్లోకి చొరబడినారు, ఆడోళ్ళను తనిఖీ చేసినారు. జూన్ 22న ప్లేగు ఆఫీసర్ రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చేసినారు. కేసరిలో రాసిన రాతలకు తిలక్‌ను రాజద్రోహం కింద జైల్లో వేసినారు. 1898 మార్చిలో బొంబాయిలో ముసల్మాన్ జులాహాల మొహల్లాలో ఒక ఆడపిల్లను పరీక్ష చేస్తామని ప్లేగు మనుషులు వస్తే ఇంటోళ్ళు ఒప్పుకోలేదు. ఆ గొడవ కాల్పుల దాకా పోయింది. పర్దా ఇజ్జత్ ఒక పక్క, ఆస్పత్రికి పోయినోళ్ళు తిరిగి రారనే ఖౌఫ్ ఇంకో పక్క. ఆ ఖౌఫ్ హిందువుకూ, ముసల్మానుకూ ఒకటే. రాండ్‌ను చంపింది బ్రాహ్మణ పిల్లలే కదా.

మద్రాసు సర్కార్ కొంచెం వేరే దారి పట్టింది. తాఊన్ ఉన్న ఊళ్ళ నుంచి రైల్లో వచ్చినోళ్ళకు పేరు, చిరునామా రాసుకుని ఒక చీటీ ఇచ్చేవాళ్ళు. ప్లేగు పాస్‌పోర్టు అనేవాళ్ళు దాన్ని. పోయిన ఊళ్ళో పది రోజులు దినామూ అధికారి ముందర నిలబడి కనపడాలి. ఇదీ హుకుమే. కాకపోతే మనిషిని క్యాంపులో కట్టేయకుండా ఇంటికి పంపి, కన్నేసి ఉంచడం. బొంబాయిలో కూడా గొడవల తర్వాత సర్కార్ దారి మార్చుకుంది. హకీములను, వైద్యులను కలుపుకుంది, కులాలోళ్ళు, మతాలోళ్ళు సొంత ఆస్పత్రులు పెట్టుకుంటే సరే అంది. కానూన్‌లో మాత్రం ఒక్క అక్షరం మార్చలేదు. నేర్చుకున్న సబక్‌ను కాగితం మీద ఎక్కించలేదు. అందుకే ఆ తర్వాతి వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

జంగీ బుఖార్

మా దాదీ పుట్టిల్లు జమ్మలమడుగు తట్టు. 1918లో ఆమెకు ఎనిమిదేండ్లని ఆమె లెక్క. ఆ ఏడును తారీఖ్‌తో చెప్పేది కాదు. "వాన పడని ఏడు, జంగీ బుఖార్ వచ్చిన ఏడు" అనేది. జంగ్ అంటే యుద్ధం. పెద్ద యుద్ధం ముగిసే నెలల్లో వచ్చింది కాబట్టి ఆ పేరు. ఒకే రోజు వాళ్ళింట్లో రెండు జనాజాలు లేచినాయి, వాళ్ళ అమ్మ, వాళ్ళ చిన్నమ్మ. గుసుల్ చేయించడానికి ఆడోళ్ళు దొరకలేదు. లేచి నిలబడగలిగిన మనిషి గల్లీలో లేదు. కఫన్ గుడ్డ కూడా మగ్గం మీద ఉన్నదాన్నే కోసినారని చెప్పేది. చెప్పేటప్పుడు ఏడ్చేది కాదు. కరువు గురించి, బుఖార్ గురించి ఒకే గొంతుతో చెప్పేది.

దాదీ చెప్పినదానికి పెద్ద తారీఖ్ ఇది. 1918 జూన్‌లో బొంబాయి రేవులో ఇన్‌ఫ్లుయెంజా బయటపడింది. మొదటి విడత తేలిగ్గా పోయింది. సెప్టెంబర్ నుంచి రెండో విడత కోసుకుంటా వచ్చింది. అక్టోబర్‌కల్లా మద్రాసు ఇలాకా మొత్తం మంచాన పడింది. పిల్లలూ ముసలోళ్ళే కాదు, ఇరవై నుంచి నలభై ఏండ్ల వాళ్ళు ఎక్కువ పోయినారు, అందులో ఆడోళ్ళు ఎక్కువ. ఇంటిల్లిపాదికీ నీళ్ళు పట్టేది, గంజి కాచేది వాళ్ళే కదా. హిందుస్తాన్‌లో ఒక కోటీ ఇరవై లక్షల నుంచి ఒక కోటీ ఎనభై లక్షల దాకా పోయారని తర్వాత లెక్క కట్టినవాళ్ళ అంచనాలు. 1911 నుంచి 1921 మధ్య దేశం జనాభా పెరగక తగ్గింది. జనాభా లెక్కలు మొదలైనాక అట్లాంటి దశాబ్దం అదొక్కటే. మా దత్తమండలాల్లోనూ అంతే, తలలు తగ్గినాయి.

ఆ ఏడు రుతుపవనాలు పోయినాయి. జొన్న, కొర్ర ఎండిపోయినాయి, గింజల ధర కొండెక్కింది. తిండి లేని ఒంటి మీదికి బుఖార్ వచ్చి పడింది. డాక్టర్లలో చాలామంది ఫౌజుతో పాటు యుద్ధానికి పోయి ఉన్నారు.

మరి 1897 కానూన్ ఏమైంది? ఉన్నచోటనే ఉంది. ఇన్‌ఫ్లుయెంజా విషయంలో సర్కార్ దాన్ని పెద్దగా కదిలించనే లేదు. ఎందుకంటే ఆ కానూన్‌కు తెలిసిన పని మనుషులను ఆపడం, విడదీయడం, శిక్షించడం. ఊరంతా ఒకేసారి పడిపోతే ఎవర్ని ఎవరి నుంచి విడదీస్తావు? ఫౌజు రైళ్ళు నడవాల్సిన కాలంలో రైళ్ళను ఎట్లా ఆపుతావు? అప్పుడు జనానికి కావాల్సింది గంజి, పాలు, దుప్పటి, ఇల్లిల్లూ తిరిగే మనిషి. దాని గురించి కానూన్‌లో ఒక్క ముక్క లేదు. పట్నాలలో దవాఖానాలు తెరిచినారు, కరపత్రాలు పంచినారు. మిగతాదంతా అంజుమన్‌లు, సేవా సంఘాలు, ఇరుగుపొరుగు చూసుకోవాల్సి వచ్చింది. పల్లెకు ఆ కరపత్రం కూడా రాలేదు, వచ్చినా చదివేటోడు లేడు.

చచ్చినోళ్ళ లెక్క రాసేది ఊరి మునసబు, కరణం. వాళ్ళ ఖాతాలో ఇన్‌ఫ్లుయెంజా అనే గడి లేదు. కలరా ఉంది, మశూచి ఉంది, ప్లేగు ఉంది, "జ్వరం" ఉంది. అంతా జ్వరం కిందనే పోయింది. 1919లో నార్మన్ వైట్ అనే శానిటరీ కమిషనర్ రిపోర్టు రాసేటప్పుడు ఈ జ్వరాల గడిలోంచే ఇన్‌ఫ్లుయెంజాను వెతుక్కుని అంచనా కట్టాల్సి వచ్చింది. మా దాదీ అమ్మ, చిన్నమ్మ సర్కార్ ఖాతాలో ఎక్కడైనా ఉన్నారంటే ఆ గడిలోనే ఉంటారు. పేర్లుండవు, ఒక అంకెలో రెండు అంతే.

అదే ఏడు, అదే జిల్లాలో, వాన పోయిందంటే కలెక్టర్ ఏం చేయాలో ఫామిన్ కోడ్ అల్మరాలో ఉంది. బుఖార్ వచ్చిందంటే ఏం చేయాలో అట్లాంటి కాగితం ఏదీ లేదు. పనులు తెరవడానికి హుకుం ఉంది కానీ ఆ పనికి లేచి పోగలిగే ఒళ్ళు ఎవరికీ లేదు.

మంచి కితాబ్ ఒకటి రాకపోలేదు

దీని నుంచి ఎవరూ ఏం నేర్చుకోలేదనడం ఇన్సాఫ్ కాదు. 1939లో మద్రాసులో రాజాజీ సర్కార్ ఉన్నప్పుడు, ఆరోగ్య మంత్రి టి.ఎస్.ఎస్. రాజన్ కాలంలో, మద్రాస్ పబ్లిక్ హెల్త్ యాక్ట్ వచ్చింది. దేశంలో అట్లాంటిది అదే మొదటిది. అది లావుపాటి కితాబే. తాగునీళ్ళు, మోరీలు, ఏ బీమారీ వస్తే ఎవరు ఎవరికి ఖబర్ ఇవ్వాలి, బాలింతలు, పసిపిల్లలు, తిరునాళ్ళు, ఉరుసులు జరిగేచోట నీళ్ళు, దొడ్లు, డాక్టర్లు. హెల్త్ ఆఫీసర్లను పెట్టాలని, మున్సిపాలిటీలు తమ రాబడిలో ఒక వాటా జనం ఆరోగ్యానికే పక్కన పెట్టాలని కూడా రాసినారు. ఇక్కడ సర్కారుకు "చేయాలి"లు వచ్చినాయి. వబా రాకముందే చేసే పని ఇది.

1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. మద్రాసు నుంచి విడిపోయేటప్పుడు ఆ కితాబ్ కూడా మన వాటాకు వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో అది కానూన్‌గా సాగింది. 1956లో కర్నూలు మెడికల్ కాలేజీ వచ్చింది. 1957లో సింగపూర్ తట్టు నుంచి మద్రాసు రేవుకు ఏషియన్ ఫ్లూ వచ్చి దేశమంతా పాకింది. అప్పుడు కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ వైరస్ మీద పని జరిగింది. 1918లో అసలు ఈ బీమారీ దేని వల్ల వస్తుందో కూడా తెలియదు. ఇల్మ్ అంత దూరం నడిచింది.

2009 మే 16న దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు మన హైదరాబాద్‌లోనే తేలింది. అమెరికా నుంచి శంషాబాద్‌లో దిగిన ఒక యువకుడు. ఎయిర్‌పోర్టు తనిఖీ, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, మందు, కోలుకోవడం అన్నీ పద్ధతిగా జరిగినాయి. ఆగస్టులో పుణేలో మరణాలు మొదలైనప్పుడు మాత్రం మహారాష్ట్ర సర్కార్ చేతికి అందింది మళ్ళీ ఆ 1897 కాగితమే. దానికి మూడేండ్ల ముందే, 2006లో, అమెరికాలో ఫ్లూ వబా వస్తే టీకాలు ఎవరు తయారు చేయించాలి, నిలవలు ఎవరు చూడాలి, జిమ్మేదార్ ఎవరు అని ఒక పెద్ద కానూన్ రాసుకున్నారు. రాసుకున్నా 2020లో వాళ్ళూ తడబడినారు, అది వేరే సంగతి. కాగితం ఉంటేనే సరిపోదు. కానీ తడబడినోళ్ళను ఫలానా పని ఎందుకు చేయలేదని నిలదీయాలంటే, ఆ పని కాగితం మీద ఉండాలి కదా.

మళ్ళీ మా గల్లీకి

2020 మార్చి 13న ఆంధ్రప్రదేశ్ సర్కార్ 1897 కానూన్ కింద కొవిడ్-19 రెగ్యులేషన్స్ జారీ చేసింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. దానికి వాడింది 2005 నాటి డిజాస్టర్ మేనేజ్‌మెంట్ యాక్ట్. ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా రాష్ట్రంలోనే అందరికన్నా ముందుకు పోయింది కేసుల లెక్కలో. అప్పటికి నంద్యాల కూడా మా జిల్లాలోనే ఉండె. కడపలోనూ ఏప్రిల్ మొదట్లోనే ఒకేసారి కేసులు తేలినాయి.

దిల్లీ మర్కజ్‌కు పోయొచ్చినవాళ్ళలో మా రెండు జిల్లాల వాళ్ళున్నారు. ఇది దాచేది కాదు. ఆ రోజుల్లో అంతమంది కూడటం సరైంది కాదని మా ఇంట్లోనే అనుకున్నాం. వచ్చినాక కొందరు దాక్కున్నారు, అదీ నిజం. కానీ రోజూ సాయంత్రం టీవీలో బీమారీ లెక్కకు పక్కనే మజహబ్ లెక్క వేసినారే, అది ఏ వైద్య పుస్తకంలో ఉంది? కూరగాయల బండోడిని ముందు పేరు అడిగి తర్వాత ధర అడిగిన రోజులవి. ఆ ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, జమాత్‌కు వచ్చిన విదేశీయుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తా, వాళ్ళను బలిపశువులను చేసినట్టుందని చెప్పింది. తీర్పు వచ్చేసరికి ఇల్జామ్ ఊరంతా తిరిగొచ్చేసింది.

అసలు సంగతేందంటే, నేరస్తుడిలా చూస్తే మనిషి దాక్కుంటాడు. 1898 బొంబాయిలో జులాహా దాచినాడు, 2020 కర్నూలులో మావాడు దాచినాడు. దాచుకున్న బీమారీ ముందు సొంత అమ్మానాన్నలనే తింటుంది. మా గల్లీలో చివరికి దర్వాజాలు తెరిపించింది ఎవరనుకుంటున్నారు? ఇమామ్ సాబ్, ఆశా కార్యకర్తలు, వార్డు వాలంటీర్ పిల్లలు. "నాకూ టెస్ట్ చేసినారు, ఏం కాలేదు, రండి" అని పొరుగింటి ఆమె పిలిస్తే బయటికొచ్చినారు ఆడోళ్ళు. లాఠీ చేయలేని పని భరోసా చేసింది.

డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ సాబ్ గురించి చెప్పకుండా కర్నూలు వబా కథ పూర్తికాదు. రెండు రూపాయల డాక్టర్ అని ఆయనకు పేరు. ఫీజు ఎంత అని అడగని డాక్టర్, ఇచ్చింది తీసుకునే డాక్టర్. కర్నూలు ఒక్కటే కాదు, చుట్టుపక్కల జిల్లాల పేదోళ్ళు, హిందువులు, ముసల్మానులు అందరూ ఆయన దగ్గరికే. డెబ్బై ఆరేండ్ల వయసులో, వబా వచ్చినా దర్వాజా మూయలేదు. ఏప్రిల్ 14న ఇంతకాల్ అయినారు. ఆయనకు కొవిడ్ ఉందని తర్వాత తేలింది. మామూలు రోజుల్లో అయితే ఊరంతా కదిలి రావాల్సిన జనాజా అది. ఊరు ఇంట్లో కూర్చుని దువా చేసుకుంది.

ఆ తర్వాత ఎనిమిది రోజులకు, ఏప్రిల్ 22న, దిల్లీ సర్కార్ 1897 కానూన్‌ను మార్చుతా ఆర్డినెన్స్ తెచ్చింది. డాక్టర్లు, నర్సుల మీద దాడి చేస్తే మూడు నెలల నుంచి ఐదేండ్ల దాకా జైలు. గాయం పెద్దదైతే ఏడేండ్ల దాకా. సెప్టెంబర్‌లో అది యాక్ట్ అయింది. డాక్టర్ మీద చేయెత్తినోడికి శిక్ష పడాల్సిందే, దాంట్లో రెండో మాట లేదు. కానీ ఇక్కడ కూడా చూడండి. దాడి చేసినోడికి జైలు రాసినారు. డాక్టర్‌కు మాస్కు, గౌను, గ్లౌజు సర్కార్ ఇవ్వాలని రాయలేదు. వందేండ్లకు పైబడి ఆ కానూన్‌ను తెరిచి మార్చే మౌకా వస్తే, మళ్ళీ శిక్షే రాసినారు.

ఒక్క "చేయాలి" ఏం చేస్తుందో

ఈ మాటల తేడా వకీళ్ళ బారీకీ అనుకునేరు. దాని విలువ యాభై వేల రూపాయలు. ఎట్లాగంటే చెప్తా.

2005 డిజాస్టర్ మేనేజ్‌మెంట్ యాక్ట్ సునామీ తర్వాత వచ్చింది. దాంట్లో 12వ సెక్షన్ ఉంది. విపత్తులో పడ్డోళ్ళకు తిండి, నీళ్ళు, నీడ, వైద్యం, ప్రాణం పోయినోళ్ళ కుటుంబానికి సాయం, వీటికి కనీస ప్రమాణాలు జాతీయ సంస్థ సిఫారసు చేయాలి అని. 2021లో కొందరు సుప్రీంకోర్టుకు పోయి అడిగినారు, కొవిడ్‌తో పోయినోళ్ళ ఇండ్లకు ఏమిచ్చినారని. సర్కార్ ఇవ్వలేమంది. జూన్ 30న కోర్టు ఆ సెక్షన్ తెరిచి, ఇక్కడ "చేయాలి" అని ఉంది, ఇది మీ మర్జీ కాదు, ఫర్జ్ అని తేల్చింది. ఆ సెప్టెంబర్‌లో ఒక్కో మరణానికి యాభై వేలు ఖాయమైంది. మా మొహల్లాలో బేవా ఆడోళ్ళు కాగితాలు పట్టుకుని తిరిగి తిరిగి తెచ్చుకున్నారు. ఆ పైసలతో పోయిన మనిషి రాడు. ఒక ఇంట్లో దుకాణం అప్పు తీరింది, ఇంకో ఇంట్లో ఆడపిల్ల కాలేజీ ఫీజు కట్టినారు.

అదే 1897 కానూన్ పట్టుకుని ఎంత పెద్ద వకీల్ పోయినా, ఎంత దయగల జడ్జీ ఉన్నా, ఆ యాభై వేలు పుట్టేవి కావు. దాంట్లో అడగడానికి పట్టు దొరకదు.

ఇప్పుడు మళ్ళీ ఆ కాగితం గురించి మాటలు నడుస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 286వ రిపోర్టులో ఈ కానూన్ ఈ కాలానికి చాలదని, సరిగ్గా మార్చాలని లేదా కొత్తది తేవాలని, ముందుగానే వబా ప్లాన్ తయారుండాలని చెప్పింది. కేరళ 2023లో తన సొంత పబ్లిక్ హెల్త్ యాక్ట్ తెచ్చుకుంది. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థలో సభ్యదేశాలు కూర్చుని ఒక వబా ఒప్పందం ఆమోదించినాయి. ఇట్లాంటి టైమ్‌లో మా సీమ నుంచి కూడా ఒక మాట పడాలి కదా.

కొత్త కానూన్‌లో హుకుంలు ఉండకూడదని నేననను. విడదీయాల్సిన టైమ్‌లో విడదీయాల్సిందే. కానీ విడదీసినోనికి ఇన్ని రోజులు తిండి, కూలి సర్కార్ ఇవ్వాలి అని రాయండి. ఆస్పత్రిలో పనిచేసే ఆయాకు కూడా మాస్కు ఇవ్వాలి అని రాయండి. ప్రతి జిల్లాలో ఇంత మందు, ఇన్ని మంచాలు వబా లేని రోజుల్లో కూడా తయారుండాలి అని, ఏడాదికొకసారి లెక్క చూపాలి అని రాయండి. బీమారీ లెక్కలో మజహబ్ గడి ఉండకూడదు అని రాయండి. మయ్యత్‌ను ఇజ్జత్‌గా సాగనంపాలి అని రాయండి. చచ్చినోడి పేరు, చచ్చిన కారణం సరిగ్గా రాయాలి అని రాయండి. ధాత కరువు తర్వాత తెల్లదొరలే కరువుకు ఇట్లాంటి లెక్క రాయగలిగినారు. మనం ఎన్నుకున్న సర్కార్లు జ్వరానికి రాయలేవా?

హంద్రీ ఒడ్డున 1618లో కట్టిన అబ్దుల్ వహాబ్ గుమ్మజ్ ఉంది. నాలుగు వందల ఏండ్లయినా కింద ఎవరున్నారో అందరికీ తెలుసు. జమ్మలమడుగు తట్టు ఖబరస్తాన్‌లో మా దాదీ అమ్మ ఖబర్ ఎక్కడుందో దాదీకే తెలిసేది కాదు. అప్పట్లో ఎవరూ గుర్తు పెట్టలేదు, పెట్టే ఓపిక ఎవరికీ లేదు. పోయినసారి పోయినప్పుడు మొత్తం ఖబరస్తాన్ తట్టు తిరిగి ఫాతెహా చదివి వచ్చినా.